మనకో ఆశపోతు లాయరు కావాలి

అంబులెన్సు వెంట పరుగెత్తేవాళ్లు. అమెరికాలో ఒక రకం లాయర్లకు పెట్టిన పేరిది. కారు తగలబడినా, మందు వికటించినా, తుంటిలో పెట్టిన లోహపు కీలు అరిగి ఆ పొడి ఒంట్లోకి చేరినా బాధితుడి గుమ్మం ముందు మొదట వాలేది వీళ్లేనని, వచ్చిన పరిహారంలో మూడో వంతో నలభై శాతమో తన్నుకుపోతారని వెక్కిరింత. మన పెద్దమనుషులు కూడా ముక్కు చిట్లించుకుంటూ ఈ తిట్టును అరువు తెచ్చుకున్నారు. గంటకింతని పుచ్చుకుని అవే కంపెనీలను కాపాడే లాయర్లకు మాత్రం ఎవరూ ఏ పేరూ తగిలించలేదు. వాళ్లను సీనియర్ కౌన్సెల్ అంటాం. వస్తే లేచి నిలబడతాం.

నేను పరుగెత్తేవాడి పక్షం. అలాంటివాడు మన కోర్టుల్లో లేకపోవడం వల్లే మన వినియోగదారుల రక్షణ చట్టం చచ్చుబడి ఉందని నా ఫిర్యాదు. చట్టం ఉంది, కమిషన్లు ఉన్నాయి, సెక్షన్లు ఉన్నాయి. వస్తువును విప్పి లోపల ఏముందో చూసేవాడు లేడు. లేకపోవడం ప్రమాదవశాత్తు జరిగింది కాదు. వాడు బతికే దారిని మనమే మూసేశాం.

ఒక స్విచ్చి సంగతి చెబుతాను. 2010 మార్చి 10న జార్జియా రాష్ట్రంలో ఒక పిల్లల నర్సు, సరిగ్గా ఆమె 29వ పుట్టినరోజున, వానలో షెవర్లే కోబాల్ట్ కారు నడుపుతూ అదుపు తప్పి, ఎదురొస్తున్న బండిని ఢీకొని చనిపోయింది. తడిరోడ్డు మీద మితిమీరిన వేగం అని పోలీసులు రాసుకున్నారు. తప్పు చచ్చిపోయినదానిది. ఫైలు ముగిసింది. కానీ తల్లిదండ్రుల మనసు ఒప్పుకోలేదు. ఆ ప్రమాదానికి కొద్దిరోజుల ముందే కారు నడుస్తూ నడుస్తూ ఆగిపోతోందని కూతురు డీలరుకు చూపించింది, వాళ్లు బాగుచేశామని తిరిగిచ్చారు. ఆ దంపతులు మారియెట్టా ఊళ్లో లాన్స్ కూపర్ అనే లాయరు దగ్గరికి వెళ్లారు.

కూపర్ కారులోని డేటా రికార్డరు చదివించాడు. ఢీకొనడానికి కొన్ని క్షణాల ముందే తాళం తనంతట తాను 'రన్' స్థానం నుంచి జారిపోయింది. అలా జారితే ఇంజను ఆగుతుంది, స్టీరింగు బిగుసుకుంటుంది, ఎయిర్ బ్యాగులు తెరుచుకోవు. అయితే ఎందుకు జారింది? దీనికి ఫ్లోరిడాలో మార్క్ హుడ్ అనే ఇంజనీరును పెట్టుకున్నాడు. ప్రమాదం జరిగిన కారు స్విచ్చిని హుడ్ విప్పాడు. డీలరు దగ్గర కొత్త స్విచ్చి కొని దాన్నీ విప్పాడు. రెంటి మీదా పార్ట్ నంబరు ఒకటే. లోపల మాత్రం కొత్తదానిలో స్ప్రింగుతో నొక్కే ముక్క పొడుగ్గా, గట్టిగా ఉంది. అంటే కంపెనీలో ఎవరో లోపం గుర్తించారు, సరిచేశారు, నంబరు మార్చకుండా పాతదానిలోనే కలిపేశారు. నంబరు మారితే మెకానిక్కు తెలుస్తుంది, ప్రభుత్వానికి తెలుస్తుంది, అప్పటికే రోడ్ల మీద తిరుగుతున్న లక్షల పాత కార్ల గతేమిటని ఎవడో ఒకడు అడుగుతాడు. అడక్కుండా చేయడానికి ఒక నంబరును అలాగే ఉంచేస్తే చాలింది.

2013 ఏప్రిల్‌లో ఆ స్విచ్చి రూపకర్త రే డిజార్జియోను కూపర్ ప్రమాణం చేయించి ప్రశ్నించాడు. అటువంటి మార్పు ఏదీ జరిగినట్టు తనకు తెలియదన్నాడు ఆ ఇంజనీరు. మార్పుకు అనుమతిస్తూ 2006లో ఆయనే సంతకం పెట్టిన కాగితం తరవాత బయటపడింది. 2005లోనే, షెవర్లే కార్లు తయారుచేసే జనరల్ మోటార్స్ తన డీలర్లకు పంపిన సూచన ఏమిటో తెలుసా? కస్టమరు తాళాలగుత్తి బరువుగా ఉంటే తేలిక చేసుకోమనండి అని! అసలైన మరమ్మతుకు అయ్యే ముక్క ఖర్చు 57 సెంట్లని అమెరికన్ కాంగ్రెస్ విచారణలో తేలింది. వాహన భద్రత చూసే ప్రభుత్వ సంస్థ 2007లో ఒకసారి, 2010లో ఒకసారి ఈ కార్ల ఫిర్యాదులు పరిశీలించి, దర్యాప్తు అక్కర్లేదని వదిలేసింది. 2014 ఫిబ్రవరిలో కంపెనీ కొన్ని మోడళ్లను మాత్రం వెనక్కి పిలిస్తే, మిగతావాటి సంగతేమిటని ఆ సంస్థకు ఉత్తరం రాసిందీ కూపరే. కొద్దిరోజుల్లోనే రీకాల్ పెరిగింది, పెరిగి పెరిగి 26 లక్షల కార్లయింది. 124 మరణాలకు ఆ స్విచ్చే కారణమని కంపెనీ పెట్టిన పరిహార నిధే ఒప్పుకుంది. 2015లో 90 కోట్ల డాలర్లు కట్టి కంపెనీ క్రిమినల్ విచారణ నుంచి బయటపడింది. ఒక్క ఉద్యోగీ జైలుకు పోలేదు.

ఇప్పుడు చెప్పండి. ఈ సంగతి ఎవరు కనిపెట్టారు? పోలీసులా, రవాణా శాఖా, పార్లమెంటా, పత్రికలా? అందరూ తరవాత వచ్చారు. కనిపెట్టింది వాటా కోసం పనిచేసే లాయరు. ఇలాంటి కేసుల్లో ఇంజనీర్ల ఫీజు, పరీక్షల ఖర్చు, ఏళ్ల తరబడి ఆఫీసు అద్దె, గుమాస్తాల జీతాలు అన్నీ లాయరే పెట్టుకుంటాడు. ఓడితే అంతా గంగలో కలుస్తుంది. ఏ పిచ్చి మారాజూ పుణ్యానికి ఇంత పని చేయడు. వాటా ఉంది కనుకనే స్ప్రింగు విప్పి చూశాడు. అంబులెన్సు వెంట పరుగెత్తినవాడికే అది దొరికింది, అంబులెన్సును చూసి పక్కకు తప్పుకున్న పెద్దమనిషికి దొరకలేదు.

ఈ వృత్తిలో బతుకు ఎలా ఉంటుందో మన లా కాలేజీల్లో ఎవరూ చెప్పరు గనక కొంచెం చెబుతాను. మొదటి పని సెక్షన్లు వెతకడం కాదు, పగిలిన వస్తువును చేజిక్కించుకోవడం. నుజ్జయిన కారు ఇన్సూరెన్సువాళ్ల యార్డు నుంచి తుక్కులోకి పోకముందే కొని, షెడ్డులో పెట్టి తాళం వేయాలి. మన దగ్గర పేలిన కుక్కరు ఎక్కడికి పోతుంది? పాత ఇనప సామాన్లవాడి బండిలోకి. దాంతో కేసు కూడా పోయినట్టే. రెండో పని, ఇంతకుముందు ఇలాగే ఎవరికి జరిగిందో వెతకడం. ఒకటి జరిగితే ప్రమాదం, యాభై జరిగితే కంపెనీకి తెలిసి జరిగినట్టు. తెలిసీ అమ్మారని రుజువైతేనే జ్యూరీ జరిమానా మోత మోగిస్తుంది. మూడోది, కంపెనీ గుమ్మరించే లక్షల కాగితాల్లో పనికొచ్చే ఒక్క కాగితాన్ని పట్టుకోవడం. ఈ మధ్యలో లాయరు లోహశాస్త్రం నేర్చుకోవాలి, ఎముకల ఆపరేషన్ నేర్చుకోవాలి, టైరులో ఉక్కు పొరలు ఎందుకు విడిపోతాయో నేర్చుకోవాలి. వచ్చిన క్లయింట్లలో ఎక్కువమందిని వద్దని పంపించేయాలి. పెట్టుబడి తనదైనప్పుడు బలహీనమైన కేసు ఎవడు పట్టుకుంటాడు? గంటల లెక్కన ఫీజు తీసుకునేవాడికి ఆ బెంగ ఉండదు, ఓడిపోయే కేసైనా మీటరు తిరుగుతుంది.

ఈ లాయర్లను వెక్కిరించడానికి వాట్సాప్‌లో ఏళ్లుగా తిరిగే కాఫీ జోకు ఒకటుంది, ఒళ్లో కాఫీ ఒలకబోసుకుని కోట్లు కొట్టేసిన అమెరికా ముసలమ్మ గురించి. 1992లో ఆల్బకర్కీలో ఆ 79 ఏళ్లామెకు తొడలు కాలి చర్మం అతికించాల్సి వచ్చింది. వైద్యఖర్చు ఇమ్మంటే మెక్‌డొనాల్డ్స్ 800 డాలర్లిస్తానంది. అదే కాఫీ కాల్చిందని అంతకుముందే 700 ఫిర్యాదులున్నాయని కోర్టులో తేలింది. జ్యూరీ వేసిన 27 లక్షల డాలర్ల దండనను జడ్జి 4 లక్షల 80 వేలకు తగ్గించాడు. ఆ కాలిన ఫొటోలు చూసినవాడెవడూ ఆ జోకు మళ్లీ చెప్పలేడు.

ఇక మన ఇంటికి వద్దాం. ఆంధ్రాలోనైనా తెలంగాణలోనైనా ఏ జిల్లా కోర్టు ఆవరణలోకైనా వెళ్లండి. ఎంవీఓపీలు, అంటే మోటారు ప్రమాదాల పరిహారం కేసులు, చేసే వకీళ్లు కనిపిస్తారు. పర్సెంటేజీ మీద చేస్తారన్నది అందరికీ తెలిసిన గుట్టు. బార్ కౌన్సిల్ రూళ్లలో 20వ నంబరు రూలు ప్రకారం ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోకూడదు, వచ్చినదానిలో వాటా తీసుకోకూడదు. రూలు పుస్తకంలో ఉంది, పర్సెంటేజీ చెట్టు కింద ఉంది. లారీ గుద్ది భర్త పోయిన కూలీ మనిషి చేతికి ఇవాళ పదో పాతికో లక్షలు అందుతున్నాయంటే ఆ చెట్టు కింది ఒప్పందం పుణ్యమే. చేతిలో రూపాయి లేనిది ముందుగా ఫీజెక్కడినుంచి తెస్తుంది? సరే, గుట్టుగా సాగే ఒప్పందం కనుక దానిమీద అజమాయిషీ లేదు, కొందరు సగం మింగేస్తారు. అది నిషేధం ఫలితమే. బయటపెట్టి పరిమితి విధిస్తే మింగడం తగ్గుతుంది.

కానీ ఎంవీఓపీలో ఒక చిత్రం గమనించండి. అక్కడ ముద్దాయి ఎప్పుడూ డ్రైవరే. పోలీసుల చార్జిషీటులో అతివేగం, అజాగ్రత్త. డబ్బు కట్టేది ఇన్సూరెన్స్ కంపెనీ. బ్రేకు ఎందుకు పడలేదు, టైరు ఎందుకు విచ్చుకుంది, ఎయిర్ బ్యాగు ఎందుకు మూసుకునే ఉంది అని ఎవరూ అడగరు. అడిగితే కేసు పదేళ్లు సాగుతుంది, ఇంజనీరుకు డబ్బివ్వాలి, వచ్చేది అంతే. కారును విప్పకుండానే ఫైలు మూస్తాం. జార్జియా పోలీసులు మూసినట్టే, కాకపోతే మన దగ్గర ఆ తరవాత కూపర్ రాడు.

2019 వినియోగదారుల రక్షణ చట్టంలో 82 నుంచి 87 సెక్షన్ల దాకా ఉత్పత్తి బాధ్యత మీద ఒక అధ్యాయమే రాశారు. తయారీలో లోపం, డిజైనులో లోపం, సరైన హెచ్చరిక లేకపోవడం, అన్నీ ఉన్నాయి. 2020 జులై నుంచి అమల్లో ఉంది. కంపెనీ కాగితాలు తెప్పించే అధికారాన్ని 38వ సెక్షను కమిషన్లకు ఇచ్చింది. బ్రహ్మాండం. ఆ అధికారం వాడమని అడిగే అర్జీ ఎన్ని కేసుల్లో పడుతుంది? మన వినియోగదారుల కేసు అఫిడవిట్ల మీద నడుస్తుంది. మీ అఫిడవిట్, కంపెనీ అఫిడవిట్, వాయిదా. కంపెనీ తరఫున వచ్చే లాయరుకు ఇలాంటి కేసులు నూరు చేసిన అనుభవం. మీ లాయరు ఉదయం చెక్కు బౌన్సు కేసు, మధ్యాహ్నం విడాకులు చూసుకుని సాయంత్రం మీ కుక్కరు దగ్గరికి వస్తాడు. ఆయన్ను తప్పుపట్టను. మీరిచ్చే ఫీజుకు అంతకంటే ఎక్కువ చేస్తే ఆయన పిల్లల స్కూలు ఫీజు కట్టలేడు.

విత్తనాల సంగతి చూడండి. తెలుగు రైతుకు అంతకంటే ప్రమాదకరమైన వస్తువు ఏముంది? 1966 విత్తన చట్టంలో మొదటి నేరానికి జరిమానా అక్షరాలా 500 రూపాయల దాకా. నష్టపోయిన రైతుకు పరిహారం మాటే లేదు. మన రైతులు జిల్లా ఫోరాల్లో వేసిన కేసులను నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ సుప్రీంకోర్టు దాకా లాగింది. ప్రభుత్వ సంస్థ మరి, ఖర్చు ఎవరిది! దాని వాదనలు వింటే ఒళ్లు మండుతుంది. రైతు వ్యాపారం కోసం విత్తనం కొన్నాడు గనక వినియోగదారుడు కాడట. విత్తనాన్ని ల్యాబ్‌కు పంపలేదట. 2012 జనవరిలో జస్టిస్ సింఘ్వీ బెంచి ఈ వాదనల్ని తిప్పికొట్టింది. రేపు కేసు వేయాల్సొస్తుందని రైతు గుప్పెడు విత్తనాలు దాచుకుంటాడని ఎవరూ అనుకోరని, ఉన్నదంతా నాటేస్తాడని తేల్చింది. ఎంత మామూలు మాట! ఆ మామూలు మాట చెప్పించుకోవడానికి రైతు ఢిల్లీ దాకా పోవాల్సి వచ్చింది. ఇప్పటికీ ప్రతి ఖరీఫ్‌కూ అధికారులు రైతుకే చెబుతారు, బిల్లు దాచుకో, సంచి దాచుకో అని. ఆ లాటు మొలక పరీక్షల రికార్డు పట్టుకుని మీ మేనేజరు బోనెక్కాలి అని కంపెనీతో చెప్పే వకీలు ఏడీ?

లెక్కలంటే ఇష్టమున్నవాళ్లకు ఒక లెక్క. జాన్సన్ అండ్ జాన్సన్ వాళ్ల ఏఎస్ఆర్ అనే తుంటి కీలు. 2010లో ప్రపంచమంతటా వెనక్కి పిలిచారు. అయిదేళ్లలో దాదాపు 40 శాతం మందిలో విఫలమవుతుందని కంపెనీ 2011లో లోలోపల వేసుకున్న అంచనా అమెరికాలో కోర్టు కేసుల వల్లే లోకానికి తెలిసింది. 2013లో అక్కడ సుమారు 8,000 మందికి 250 కోట్ల డాలర్ల దాకా ఇవ్వడానికి ఒప్పుకున్నారు. మామూలుగా ఒక్కో రోగికి సుమారు రెండున్నర లక్షల డాలర్లు, అప్పటి రేటులో కోటిన్నర రూపాయలు. మన దేశంలో అదే కీలు దాదాపు 4,700 ఆపరేషన్లలో వాడారు. 2018లో మన ప్రభుత్వం 30 లక్షల నుంచి కోటీ 23 లక్షల దాకా ఒక సూత్రం ప్రకటిస్తే కంపెనీ ఢిల్లీ హైకోర్టుకెక్కింది. 2019లో 67 మందికి తలా 25 లక్షలు ఇస్తానంది. అమెరికన్ లాయరు మూడో వంతు పట్టుకుపోయినా అక్కడి రోగికి కోటి మిగిలింది. ఎవరికీ వాటా ఇవ్వనక్కర్లేని మన రోగికి పాతిక. ఈ లెక్క ముందు ఆశపోతు లాయరు అన్న తిట్టు నిలబడుతుందా?

మన దేశంలో పరిహారం వచ్చినా కట్టేది తప్పు చేసినవాడు కాకపోవడం ఇంకో వింత. జమ్మూలోని రామ్‌నగర్‌లో దగ్గు సిరప్ తాగి 12 మంది పిల్లలు పోతే, ఒక్కో కుటుంబానికి 3 లక్షలివ్వమని మానవ హక్కుల కమిషన్ చెప్పింది ప్రభుత్వానికి. మీ పన్నూ నా పన్నూ. విషం అమ్మినవాడి జేబు కాదు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో మళ్లీ అదే విషం, మళ్లీ పసిపిల్లలు. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఏదో చేస్తుందంటారా? 2022లో ప్రమాణాల ముద్ర లేని 2,265 ప్రెషర్ కుక్కర్లు అమ్మినందుకు అమెజాన్‌కు అది వేసిన జరిమానా లక్ష రూపాయలు. కుక్కరుకు యాభై కూడా పడలేదు. కొత్త గాస్కెట్టు ధర ఎక్కువ.

సుప్రీంకోర్టు అప్పుడప్పుడు మంచి మాట అంటుంది, కాదనను. హ్యుండాయ్ క్రెటా కారులో ఎయిర్ బ్యాగు తెరుచుకోని కేసులో, ఢీకొన్న వేగాన్ని, బలాన్ని లెక్కగట్టడానికి కొనేవాడు భౌతికశాస్త్ర పండితుడు కానక్కర్లేదని 2022లో అంది. చక్కటి మాట. వైద్యం, మనోవేదన, ఖర్చులు అన్నీ కలిపి అతనికి దక్కింది 3 లక్షలు, ఇంకో కారు. ఈ అంకె చూసి ఏ కంపెనీ డిజైను మారుస్తుంది? ఏ తెలివైన కుర్ర లాయరు ఇదే తన వృత్తి అనుకుంటాడు?

ఎదుటివాదన నాకు తెలుసు. లాయర్లకు వాటా ఇస్తే దొంగకేసులు పుడతాయంటారు. పుడతాయి. 2005లో టెక్సాస్‌లో జానిస్ జాక్ అనే ఫెడరల్ జడ్జి వేల సిలికోసిస్ కేసులు తిరగేసి, రోగ నిర్ధారణలే డబ్బు కోసం టోకున తయారుచేశారని దుయ్యబట్టింది. అంతకంటే ఘోరం ఫైర్‌స్టోన్ టైర్లది. టైర్లు విచ్చుకుని జనం చస్తున్నారని 1996 నాటికే కొందరు లాయర్లకు తెలుసని, ప్రభుత్వం దర్యాప్తు చేసి లోపం లేదంటే తమ కేసులు దెబ్బతింటాయని నోరు మూసుకున్నారని 2001లో న్యూయార్క్ టైమ్స్ రాసింది. 2000లో రీకాల్ జరిగే నాటికి శవాలు పేరుకున్నాయి. రహస్య ఒప్పందాలు ఈ వృత్తికి పట్టిన చీడ: డబ్బు పుచ్చుకో, కాగితాలు తిరిగిచ్చేయ్, పెదవి విప్పకు. ఆ లాయర్లను నేను క్షమించను. కానీ దొంగకేసును పట్టుకోవడానికి ఒక జడ్జి చాలింది. స్విచ్చిని పట్టుకోవడానికి మొత్తం ప్రభుత్వ శాఖ చాలలేదు.

ఇంకో వాదన, ఇది మన సంస్కృతి కాదని. వాటా ఫీజు తప్పని మనకు నేర్పింది తెల్లవాడి కోర్టే, ఆ ఇంగ్లండే 2013 నుంచి పరిహారంలో వాటా తీసుకునే ఒప్పందాలను తన లాయర్లకు అనుమతించింది. గురువు మానేసిన ఉపవాసం శిష్యుడు ఇంకా చేస్తున్నాడు.

మెల్విన్ బెల్లీ పేరు విన్నారా? కాలిఫోర్నియాలో కోకాకోలా సీసా చేతిలో పేలిన ఒక హోటలు పనిమనిషి కేసులో లాయరు. 1944లో ఆ కేసు తీర్పులోనే జస్టిస్ రోజర్ ట్రేనర్, లోపమున్న వస్తువుకు తయారీదారే బాధ్యుడన్న సిద్ధాంతాన్ని విడిగా రాశాడు, 1963లో అదే ఆ రాష్ట్రపు చట్టమైంది, తరవాత అమెరికా అంతటా పాకింది. ఆ బెల్లీయే 1984 డిసెంబరులో, గ్యాస్ దుర్ఘటన జరగగానే, భోపాల్‌లో దిగాడు. రాబందులొచ్చాయని మనవాళ్లు గగ్గోలు పెట్టారు. ప్రభుత్వమే బాధితులందరి తరఫునా నిలబడతానని 1985లో చట్టం చేసుకుంది. 330 కోట్ల డాలర్లడిగి 1989లో 47 కోట్లకు రాజీపడింది. రాబందుల్ని తరిమిన పెద్దమనుషులు సాధించిపెట్టింది అదీ.

కనుక నా డిమాండు చిన్నది, మొరటుది. వస్తువు లోపం వల్ల మనిషి చచ్చిన, అవిటివాడైన కేసుల్లో వాటా ఫీజును బాహాటంగా అనుమతించండి. పాతిక శాతమో ముప్పయ్యో పైమెట్టు కట్టండి, ఒప్పందాన్ని కమిషన్ ముందు దాఖలు చేయించండి. ల్యాబ్ పరీక్ష ఖర్చు ఓడినవాడి నెత్తిన వేయండి. ప్రాణాపాయం ఉన్న లోపాన్ని దాచే రహస్య రాజీ చెల్లదని ఒక్క వాక్యం రాయండి, లేకపోతే ఫైర్‌స్టోన్ లాయర్లు మన దగ్గరా పుడతారు. బయటివాళ్లు కేసుకు పెట్టుబడి పెట్టడంలో తప్పులేదని సుప్రీంకోర్టు 2018లోనే అంది. అంటే వడ్డీవ్యాపారి మీ కేసులో వాటా కొనొచ్చు, మీ లాయరు కొనకూడదు. దీనిలో నీతి ఎక్కడుందో నాకు చూపించండి.

ఇరవయ్యో రూలు రాసింది బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా. మార్చాల్సిందీ అదే, ప్రధాన న్యాయమూర్తి ఆమోదముద్రతో. పార్లమెంటు అక్కర్లేదు, రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. ఓట్లడగడానికి బార్ అసోసియేషన్ హాలుకు వచ్చే ప్రతి అభ్యర్థినీ నిలబెట్టి ఈ రూలు గురించే అడగండి. జవాబుకు బదులు వృత్తి గౌరవం మీద ఉపన్యాసం మొదలుపెడితే, ఆయన కక్షిదారుల జాబితాలో ఎన్ని కంపెనీలున్నాయో కూడా అడగండి.